విల్లంబులతో మునిగిన గేదె

కుడుపూడి మంగతాయారు గేదె గోదావరిలో మునిగి చచ్చిపోయిందన్న సంగతిలో ఎవరికీ అనుమానం లేదు. అది జనాన్నీ బళ్ళనీ ఏరు దాటించే పంటు నడిపే ఓలేటి సత్తియ్య వల్లే జరిగిందన్న దానిలోనూ లేదు. సత్తియ్యకైతే అసలే లేదు.

"తప్పు నాదేనండి. ఇటుకల ట్రాక్టరు ఎక్కించేకా ఇంకో ట్రాక్టరు ఎక్కించకూడదు. ఆపైన గేదెని అసలెక్కించకూడదు. ఎక్కించేను. పంటు ఒరిగిపోయింది" అని ఆ పూటే రేవులో అందరి ముందూ తడిబట్టలతో నిలబడి ఒప్పుకున్నాడు.

మనుషులు ఈదుకుంటూ గట్టెక్కారు. ట్రాక్టర్లను మర్నాడు క్రేను పెట్టి లాగారు. పంటు కమ్మీకి కట్టేసి ఉన్న గేదె మాత్రం దక్కలేదు.

నష్టపోయిన మనిషి ఉంది, తప్పు ఒప్పుకున్న మనిషి ఉన్నాడు, కళ్ళారా చూసిన ఊరు ఉంది. ఇంత తేటగా ఉన్న తగువు తేలడానికి పదినెలలు పట్టింది.

గరువులంక గోదావరి పాయల నడుమ ఉన్న చిన్న లంక. అవతలి ఒడ్డున రేవుపేట, మండలానికి పెద్దదిక్కు. మంగతాయారు భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ ఒక్క గేదె పాలూ ఆరిళ్ళకూ, రేవుపేటలో ఒక కాఫీహోటలుకూ పోసుకుని బతుకుతోంది. గేదె పోయిన పదిరోజులకల్లా ఆరిళ్ళవాళ్ళూ పాకెట్టు పాలకు అలవాటు పడిపోయారు. ఆమె కొబ్బరిపీచు మిల్లులో పనికి కుదిరింది. సాయంత్రం ఇంటికొచ్చి, అలవాటుగా కొట్టం వైపు నడిచి, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగేది.

సత్తియ్యకు ఒక గేదె ఉంది. దాన్ని ఆమెకు తోలేయాలని మొదటిరోజే అనుకున్నాడు. కానీ ఆ గేదె అతని భార్య నూకరత్నం పుట్టింటి నుంచి తెచ్చుకున్నది.

"ఇయ్యొద్దని నేనట్లేదు వదినా" అంది నూకరత్నం మంగతాయారుతో. "నీ ఖాళీ కొట్టం నేనూ సూత్తన్నాను. కాకపోతే రేపు మావోళ్ళొచ్చి మా గేదేదే అంటే ఏం జెప్పను? కోర్టోళ్ళు ఇమ్మన్నారని ఓ కాయితం ముక్క ఉంటే సాలు. ఆ కాయితం మావోళ్ళ మొకాన పెడతాను, గేదెని నీ సేతికిత్తాను."

న్యాయమైన మాటే. కాగితం కోసం మంగతాయారు, సత్తియ్య కలిసి రేవుపేట బయలుదేరారు. ఒకళ్ళు వాది, ఒకళ్ళు ప్రతివాది. ఒకే గొడుగులో వెళ్ళారు.

రేవుపేటలో అప్పటికి కోర్టు లేదు. దాని స్థానంలో మూలన్యాయ ప్రాధికార సంస్థ ఉంది.

దాని అధ్యక్షులు కొచ్చెర్లకోట త్ర్యంబకరావు గారు చాలా పెద్ద ఉద్యోగం చేసి విరమించినవారు. విరమణకు ముందు ప్రభుత్వం వారిని పదకొండు రోజుల అధ్యయన యాత్రకు లండన్ పంపింది. అక్కడొక అద్దాల బీరువాలో ఎనిమిది వందల ఏళ్ళనాటి తోలుకాగితం, దానికి వేలాడుతున్న లక్కముద్ర చూసి ఆయన కదలలేకపోయారట. తిరిగొచ్చి నూట నలభై పేజీల నివేదిక రాశారు. మన చట్టానికి తల్లివేరు ఇంగ్లండులో ఉంది. మనం ఆకులకు నీళ్ళు పోస్తున్నాం. అందుకే కేసులు పేరుకుపోతున్నాయి. కనుక వేరు దగ్గరికి పోదాం. ఇదీ సారాంశం. ఆయన్ని ఎక్కడ కూర్చోబెట్టాలా అని ఆలోచిస్తున్న ప్రభుత్వానికి నివేదిక నచ్చింది. రేవుపేట మండలంలోని చిన్నచిన్న తగువులన్నీ ప్రయోగాత్మకంగా ఆయన చేతిలో పెట్టింది.

ఆ పాతకాలపు ఇంగ్లండులో రాజుగారి న్యాయస్థానానికి వెళ్ళాలంటే ముందు రాజుగారి కచేరీలో ఒక పత్రం తీసుకోవాలి. ఒక్కొక్క అన్యాయానికి ఒక్కొక్క నమూనా. నీకు జరిగిన అన్యాయానికి నమూనా ఉంటే నీకు న్యాయం ఉంది. నమూనా లేకపోతే అన్యాయమే జరగలేదు. త్ర్యంబకరావు గారు అలాంటివి ముప్పై తొమ్మిది ఏరి, తెలుగు చేయించి, అచ్చు వేయించారు. కార్యాలయం గోడ మీద అడుగెత్తు అక్షరాలతో రాయించారు: పత్రం లేనిదే హక్కు లేదు.

కిటికీ వెనక పత్రాధికారి మురమళ్ళ భాస్కరం కూర్చున్నాడు. ఇంతకుముందు రేషన్‌కార్డుల సెక్షన్లో పనిచేసినవాడు కావడంతో ఈ ఉద్యోగంలో అతనికి కొత్తగా ఏమీ అనిపించలేదు.

"చెప్పమ్మా. ఏం జరిగింది?"

మంగతాయారు చెప్పింది. సత్తియ్య మధ్యమధ్యలో "అవునండి, నిజవేనండి" అంటూ వచ్చాడు.

భాస్కరం నమూనాల పుస్తకం తీశాడు. "ఒకటి, సామంతుడు పొలం ఆక్రమించుట. నీకు సామంతుడున్నాడా?"

"లేడండి."

"నాలుగు, చర్చికి మతాధికారిని నియమించు హక్కు. తొమ్మిది, పారిపోయిన బానిసను తిరిగి రప్పించుకొనుట. పదకొండు, మఠాధిపతి చేపలచెరువు."

"గేదెలేం లేవాండి?"

"పద్నాలుగులో పశువులున్నాయి. అయితే అది ఎవరైనా జప్తు చేసి దొడ్లో పెట్టుకుంటేనే. ఇతను నీ గేదెను దొడ్లో పెట్టాడా?"

"గోదాట్లో పెట్టేడండి."

"గోదావరి లేదమ్మా." అతను చివరిదాకా తిరగేసి మళ్ళీ మధ్యకు వచ్చాడు. "పంటు మీద ఎక్కువ బరువెక్కించడమనే తప్పు ఇంకా పుట్టలేదు. పదిహేడో పత్రం ఒక్కటే పనికొస్తుంది. ఇకమీద అందరికీ అదే ఇవ్వాల్సొచ్చేట్టుంది." అద్దాలు సవరించుకుని చదివాడు. "పై ప్రతివాది బలప్రయోగముతోను, ఆయుధములతోను, అనగా కత్తులతోను, విల్లంబులతోను, వాది యొక్క... ఇక్కడ ఖాళీ, గేదె అని రాద్దాం... గేదె పైబడి, ఏలినవారి శాంతికి భంగము కలుగజేసి, మరియు ఇతర ఘోరకృత్యములు జరిపినాడు."

మంగతాయారు సత్తియ్య వంక చూసింది. సత్తియ్య తన చేతుల వంక చూసుకున్నాడు.

"కత్తులేంటండీ బాబూ?"

"లాంఛనమమ్మా, ఒట్టి లాంఛనం. అక్కడ ఒకాయన పీపాలో ద్రాక్షసారా తోడేసుకుని ఉప్పునీళ్ళు పోశాడట. కత్తులతో, విల్లంబులతో పోశాడని రాశారు. కమ్మరి గుర్రానికి లాడం వంకరగా కొట్టినా కత్తులు, విల్లంబులే. అలా రాస్తేనే రాజుగారు వింటారు. ఎవరూ నిజమనుకోరు."

సత్తియ్య ముందుకొచ్చాడు. "రాసేయండి బాబూ. గేదె పోయిన మాట నిజవే గదా. మిగతాది మీ సదువుకున్నోళ్ళ గోల."

అలా మొదటి నెంబరు కేసు దాఖలైంది.

మొదటి విచారణ రెండు నెలలకు జరిగింది. మూలన్యాయాధిపతి కూడా త్ర్యంబకరావు గారే. ఆ కాలపు ఇంగ్లండు కోర్టుల్లో వాదన ఒక రకమైన పాత ఫ్రెంచిలో జరిగేది కాబట్టి ఇక్కడా అలాగే జరగాలని ఆయన పట్టుదల. ఆ భాష జిల్లాలో మరెవరికీ రాదు. ఆయనకు పదకొండు మాటలొచ్చు. ముందు ఒక ఫ్రెంచి మాట అని, తానే దాన్ని తెలుగులోకి అనువదించి, అనువాదం బాగా కుదిరినట్టు తలపంకించి, తర్వాత ప్రశ్న వేసేవారు.

"ప్రతివాదీ! నీవు కత్తులతోను, విల్లంబులతోను వాది యొక్క గేదె పైబడితివా?"

"లేదండి. ఎక్కువెక్కించేనండి. తప్పు నాదేనండి."

"ఎక్కువ ఎక్కించుట అను కృత్యము ముప్పై తొమ్మిదింటిలో లేదు. లేని కృత్యమును నీవు చేయజాలవు. మరల అడుగుచున్నాను. పైబడితివా?"

భాస్కరం పక్కకు వంగి గొణిగాడు. "లేదన్నావంటే కేసు కొట్టేస్తారు. అబద్ధపు అభియోగం తెచ్చిందని ఆవిడకు శిక్ష పడుతుంది."

సత్తియ్య మళ్ళీ ఎదుటికి తిరిగాడు. "పడ్డానండి."

"ఎన్ని బాణములు వేసితివి?"

సత్తియ్య నిస్సహాయంగా మంగతాయారు వైపు తిరిగాడు.

"మూడు సాలు" అందామె నెమ్మదిగా.

"మూడండి."

"గేదెకు తగిలినవా?"

"ఒకటి తగిలిందండి. రెండు గోదాట్లో పడిపోయేయండి."

త్ర్యంబకరావు గారి ముఖం వికసించింది. ఇంత నిజాయితీగల ప్రతివాదిని ఆయన ఊహించలేదు. "సంతోషము. అయితే శాంతిభంగము యొక్క లోతును కొలవవలెనన్న ఆయుధములను కన్నులారా చూడవలసియున్నది. వచ్చే వాయిదాకు ప్రతివాది ఒక కత్తిని, ఒక వింటిని, గేదెకు తగిలిన బాణమును దాఖలు చేయవలెను. అంతవరకు తీర్పు వాయిదా."

బయటికొచ్చాక సత్తియ్య మెట్ల మీద కూర్చుండిపోయాడు. "తాయారమ్మా, నేను పుట్టేక విల్లు ముట్టుకోలేదు."

"నేను మాత్రం సూసేనా? నాటకాలోళ్ళనడుగుదాం, లే."

రేవుపేటలో ఒక నాటక సమాజముంది. వాళ్ళు శ్రీరామనవమికి వాడే విల్లు, బంగారురంగు కాగితం చుట్టినది, జాగ్రత్తగా తెస్తామంటే ఇచ్చారు. భాస్కరం దాన్ని లోపలికి తీసుకువెళ్ళి పావుగంటలో తిరిగి తెచ్చాడు. "ఇది రాములవారి విల్లట. దైవసంబంధమైన వస్తువులు చర్చి న్యాయస్థానం పరిధిలోకి వస్తాయి. మాకు అధికారం లేదన్నారు."

చివరికి ఒక వడ్రంగి వెదురుతో విల్లు వంచి ఇచ్చాడు. అతనికి ఆ సీజనులో అంతకంటే మంచి గిరాకీ తగల్లేదు. ఎందుకంటే అప్పటికి మండలంలో అందరి చేతుల్లోనూ పదిహేడో పత్రమే ఉంది. జాకెట్టు కుదించేసిన దర్జీ కత్తులతో, విల్లంబులతో కుదించాడు. పెళ్ళిలో పులిసిన పెరుగు వడ్డించిన వంటమనిషి విల్లంబులతో వడ్డించాడు. పక్కవాడి గోడ మీదికి చూరునీళ్ళు వదిలిన రిటైర్డు డ్రిల్లు మాస్టారు కూడా అంతే. అందరికీ ఆయుధాలు కావాలి. వడ్రంగి కార్యాలయం గేటు పక్కనే పాక వేసి, కత్తి, విల్లు, మూడు బాణాలు కలిపి ఒక కట్టగా కట్టి అమ్మడం మొదలుపెట్టాడు. విరిగిన బాణం కావాలన్నవాళ్ళకు విరిచి ఇచ్చేవాడు.

ఆయుధాల కోసం వానలో తిరిగిన సత్తియ్యకు చలిజ్వరం వచ్చింది. వాయిదా రోజున నూకరత్నం కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"ఆయన రాలేడండి. మంచం పట్టేడు."

భాస్కరం కలం ఆగిపోయింది. "మంచం పట్టాడా? ఆ మాటే అన్నావా?"

"అదేగదండి, లేవలేకపోతన్నాడు."

"మంచానికి వేరే విధానముందమ్మా" అన్నాడతను దిగులుగా.

ఆ విధానం ప్రకారం నలుగురు వీరులు వెళ్ళి, మనిషి నిజంగా మంచం మీద ఉన్నాడో లేదో చూసిరావాలి. వీరులంటే గుర్రాలున్నవాళ్ళు. మండలంలో గుర్రాలు లేవు. బుల్లెట్ మోటారుసైకిళ్ళున్న నలుగుర్ని నియమించారు. ఒకాయన మందుల కొట్టతను, ఒకాయన రొయ్యల మేత ఏజెంటు, మిగతా ఇద్దరూ ఏ పనీ లేనివాళ్ళు. నలుగురూ నాటుపడవలో లంకకు వచ్చి, సత్తియ్య దుప్పటి తీసి చూసి, మంచం చుట్టూ ఒకసారి తిరిగి, ఉన్నాడని సంతకాలు పెట్టారు. నూకరత్నం వాళ్ళకు కొబ్బరిబొండాలు కొట్టించింది. మర్నాడు ఉత్తర్వు వచ్చింది.

"ప్రతివాది మంచముననున్నట్లు రుజువైనందున, సదరు ప్రతివాది నేటినుండి ఒక సంవత్సరము ఒక దినము మంచము దిగరాదు. దిగినచో జతపరచిన అనుబంధము ప్రకారము చర్య తీసుకొనబడును." అనుబంధం లాటిన్లో ఉంది.

జ్వరం నాలుగోరోజుకు తగ్గిపోయింది. సత్తియ్య లేచి కూర్చుని, కాళ్ళు కిందపెట్టబోయి, మళ్ళీ పైకి లాక్కున్నాడు. లాటిన్లో ఏముందో ఎవరికి తెలుసు? జైలే అయ్యుంటుందని లంకంతా అనుకుంది.

పంటు లైసెన్సు అతని పేరునే ఉంది. పంటు ఆగిపోయింది. బస్తాలు, సైకిళ్ళు, పురిటికెళ్ళే ఆడవాళ్ళు, అందరూ నాటుపడవల్లో దాటుతున్నారు. సత్తియ్య ఇంటి ఎదురుగానే రేవు. మంచం మీద నుంచి రోజంతా పంటును చూస్తూ, దాని ఇంజనుకు ఎవరో ఒకరు ఆయిలు పూయమని కేకలేసేవాడు. నూకరత్నం కూలికి వెళ్ళడం మొదలుపెట్టింది. పీచుమిల్లు నుంచి వచ్చేటప్పుడు మంగతాయారు ఆగి అతనికి ఇంత అన్నం పెట్టి వెళ్ళేది. సాయుధ దాడి చేసినవాడికి, దాడికి గురైన మనిషి మంచం మీదనే పళ్ళెం అందించడం చూసి లంకలో మొదట నవ్వుకున్నారు. నెలలు గడిచేసరికి నవ్వడం మానేశారు. నడక లేక సత్తియ్య పిక్కలు సన్నబడ్డాయి. ఒకరోజు అన్నం కలుపుతూ కలుపుతూ ఆపేసి, "తాయారమ్మా, నీ గేదెతోపాటు నేనూ పోయినా బాగుండేది" అన్నాడు. మంగతాయారు కోపంగా పళ్ళెం ముందుకు తోసి, "తిను" అంది.

మాఘమాసంలో ఒక పొద్దున నూకరత్నం తనంతట తానే కట్టుకొయ్య నుంచి గేదెను విప్పింది.

"కాయితవొద్దు, ఏవొద్దు వదినా. అది ఒచ్చేసరికి మనవెవరం ఉంటావో లేదో. తోలుకుపో. మావోళ్ళకి నేనే జెప్పుకుంటాను."

అది న్యాయం. పూర్తిగా, ఏ ఖర్చూ లేకుండా, నాలుగు మాటల్లో జరిగిపోయిన న్యాయం. అది పట్టుమని గంటసేపు కూడా నిలవలేదు.

ఎందుకంటే అప్పటికి రాజధానిలో లెక్కల శాఖవారు సంవత్సరపు పట్టికలు తయారుచేశారు. అంతకుముందు ఏడాది రేవుపేట మండలంలో ఆయుధాలతో జరిగిన దాడులు రెండు. ఈ ఏడాది వెయ్యిన్ని మూడు వందల నలభై ఆరు. లాంఛనమన్న మాట పట్టికలో రాయడానికి గడి లేదు. అత్యవసర సమావేశంలో ఒక ఉన్నతాధికారి చెమట తుడుచుకుంటూ, "అక్కడ దర్జీలు కూడా ధనుర్ధారులండీ" అన్నాడట. సాయుధ దళం బయలుదేరింది.

దళం మండలమంతా గాలించింది. వెదురుబద్దలు తప్ప ఏమీ దొరకలేదు. అసలు ఆయుధాలు ఎక్కడో దాచారని, పరిస్థితి అనుకున్నదానికన్నా తీవ్రంగా ఉందని దళనాయకుడు పైకి రాశాడు. ఆ తర్వాత రిజిస్టరు తెరిచి, మొదటి నెంబరు కేసు చూసి, మరపడవల్లో గరువులంకలో దిగాడు. అప్పుడే మంగతాయారు గేదెను తోలుకుని తన ఇంటివైపు వస్తోంది.

"ఈ గేదె ఎవరిది?"

"ఇందాకటిదాకా సత్తియ్యన్నయ్యదండి. ఇప్పుడు నాది."

"మారణాయుధాలతో నీ గేదె మీద దాడిచేసిన వ్యక్తి నీకు గేదె ఎందుకిచ్చాడు?"

"నా గేదె పోయిందని ఇచ్చేడండి."

"అంటే లోపాయికారీ రాజీ. ఏలినవారి శాంతికి భంగం కలిగితే రాజీపడే హక్కు ఏలినవారికే ఉంటుంది, నీకు లేదు." అతను వెనక్కి తిరిగి చేయి ఊపాడు. పన్నెండుమంది తుపాకులు ఎత్తి గేదె చుట్టూ నిలబడ్డారు. ఇద్దరి నడుములకు బాకులు కూడా వేలాడుతున్నాయి. మంగతాయారు పలుపు వదల్లేదు. ఒకతను ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి, పలుపు లాక్కున్నాడు. ఇంకొకతను భుజం మీద చేయి వేసి తోస్తే ఆమె మోకాళ్ళ మీద పడింది. గేదెను పడవెక్కించి తీసుకుపోయారు.

మర్నాడు పొద్దున మంగతాయారు నాటుపడవలో రేవుపేట వచ్చింది. కార్యాలయం ఇంకా అల్లంత దూరముండగానే గేదె అరుపు వినిపించింది. అది ఆకలి అరుపు కాదని ఆమెకు తెలుసు. నిన్న పొద్దుటి నుంచి ఎవరూ పితకలేదు. ఆవరణలో గోడవారగా కట్టేసిన దాని పొదుగు బిగిసి రాయిలా ఉంది. గేదె కాళ్ళు ఎడం చేసి నిలబడి, తల విదిలిస్తోంది. మెడలో ‘రుజువు’ అని రాసిన అట్ట వేలాడుతోంది.

"పితకండయ్యా, సచ్చిపోద్ది" అందామె కిటికీలోకి.

భాస్కరం కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అతనూ ఆ అరుపు వింటూనే ఉన్నాడు. "నేనడిగానమ్మా. రుజువును తగ్గించరాదన్నారు."

"అయితే నా గేదె నాకియ్యమని కాయితం రాయి. ఏదీ, ఆ పదిహేడోది తియ్యి. సదువు."

అతను తీశాడు. మెల్లగా చదివాడు. "బలప్రయోగముతోను..."

"నా ఏళ్ళు ఇరిసి పలుపు లాక్కున్నారు."

"ఆయుధములతోను..."

"పన్నెండు తుపాకులు. రెండు కత్తులు. విల్లంబులొక్కటే తక్కువ."

"వాది గేదె పైబడి..."

"లంకంతా సూసింది."

"శాంతికి భంగము కలుగజేసి." భాస్కరం తలెత్తాడు. రాయడం మొదలుపెట్టాక ఇంతవరకు తానిచ్చిన పదమూడు వందల పైచిలుకు పత్రాల్లో, లోపలి విషయం నిజమైనది ఇదొక్కటే. ‘ప్రతివాది పేరు’ అన్నచోట మూలన్యాయ ప్రాధికార సంస్థ అని రాసి, ముద్ర కోసం లోపలికి తీసుకువెళ్ళాడు.

ఈసారి త్ర్యంబకరావు గారే స్వయంగా వరండాలోకి వచ్చారు.

"అమ్మా, పత్రములన్నియు ఏలినవారి పేరిట వెలువడును. ఏలినవారు తమ మీద తామే పత్రము ఇచ్చుకొనరు. అది ఎనిమిది శతాబ్దముల నియమము. నీ గేదె విషయమున నీకు ఏ పత్రమూ లేదు. పత్రము లేనిదే..." అని గోడవైపు చేయి చూపించారు.

మంగతాయారుకు చదువు రాదు. కానీ పదినెలలుగా ఆ గోడ ముందు నిలబడి నిలబడి, దాని మీద ఏముందో ఆమెకు నోటికొచ్చింది. గేదె మళ్ళీ అరిచింది. ఆమె వరండా దిగి, ఆవరణ దాటి గేదె దగ్గరికి వెళ్ళింది. మెడలో అట్ట తీసి పక్కన పెట్టింది. పలుపు విప్పింది. నుదురు నిమిరి, "పదమ్మా" అంది. ఇద్దరూ గేటు వైపు నడిచారు.

"ఆగుము! ఆమెను ఆపండి!" అన్నారు త్ర్యంబకరావు గారు.

గేటు దగ్గరి జవాను సర్దుకుని నిలబడ్డాడు. "ఏ పత్రం కింద ఆపమంటారండీ?"

"భాస్కరం! చూడు!"

భాస్కరం పుస్తకం తెరిచాడు. అతను అంత తీరుబడిగా పేజీలు తిప్పడం ఆ ఆఫీసులో ఎవరూ చూడలేదు. "ఒకటి, సామంతుడు. కాదండి. నాలుగు, చర్చి. కాదు. పద్నాలుగు, పశువుల జప్తు. ఆవిడ జప్తు చేయడం లేదండి, నడిపించుకుపోతోంది."

"పదిహేడు! పదిహేడు వేయుము!"

"ఆవిడ చేతిలో పలుపు తప్ప ఏమీ లేదండి."

"లాంఛనమయ్యా!"

"చిత్తం. కానీ ఆయుధాలు దాఖలు చేయనిదే శాంతిభంగం కొలవలేమని తమరే తీర్పిచ్చారు. ఆవిడ్ని ఒకసారి వెనక్కి పిలిచి, గేటు పక్కన ఒక విల్లు కొనుక్కోమని..."

అప్పటికి మంగతాయారు బజారు దాటింది. త్ర్యంబకరావు గారు, భాస్కరం, జవాను, కిటికీ ముందు వరుసలో ఉన్న జనం, అందరూ వెనక బయలుదేరారు. పరుగెత్తే అధికారం ఏ నమూనాలోనూ లేనందువల్ల వేగంగా నడిచారు.

రేవులో నాటుపడవ గేదెను ఎక్కించుకునేది కాదు. మంగతాయారు నీళ్ళంచున నిలబడి అవతలి ఒడ్డుకు కేకేసింది.

"సత్తియ్యన్నయ్యోయ్! పంటు తే! గేదె పొదుగు పగిలిపోతంది!"

పాయ అవతల మంచం మీద సత్తియ్య తలెత్తాడు. గేదె అరుపు నీళ్ళ మీదుగా అతనికీ వినిపించింది. కాళ్ళు కిందపెట్టాడు. మొదటి అడుగుకు పడిపోయి, నూకరత్నం భుజం పట్టుకుని లేచి, రేవులోకి దిగాడు. ఇంజను నాలుగుసార్లు దగ్గి అందుకుంది. గీత గీసినట్టు తిన్నగా పంటు ఇవతలికి వచ్చింది. గేదె దానంతటదే ఎక్కింది.

త్ర్యంబకరావు గారు గట్టు చేరేసరికి పంటు ఒడ్డు వదిలింది. దాని మీద నిలబడి ఉన్న మనిషిని చూసి ఆయన కళ్ళు మెరిశాయి. ఎట్టకేలకు ఒక నియమం చేతికందింది.

"ప్రతివాది మంచము దిగినాడు! భాస్కరం, వ్రాసుకొనుము. అనుబంధము ప్రకారము, గడువు తీరక మంచము దిగిన ప్రతివాది తన వ్యాజ్యమును పోగొట్టుకొనును! వాదికి డిక్రీ! పోయిన గేదెకు బదులుగా ప్రతివాది ఒక గేదెను వాదికి తక్షణము అప్పగించవలెను!"

భాస్కరం గట్టు మీదనే గొంతుక్కూర్చుని, తొడ మీద కాగితం పెట్టి అంతా రాశాడు. కింద ఇంకో వరుస చేర్చాడు: అప్పగించడమైనది. ఆయన చేత సంతకం పెట్టించాడు. పదినెలల్లో సంస్థ పరిష్కరించిన మొదటి కేసు కాబట్టి త్ర్యంబకరావు గారు గర్వంగానే పెట్టారు. ఆ ఒక్క తీర్పు వార్షిక నివేదికలో ముప్పై పేజీలయింది, దాని బలం మీద పథకాన్ని మరో నాలుగు జిల్లాలకు విస్తరించారు. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ పూట పంటు నడిపాయలో ఉండగా మంగతాయారు పంటులో నీళ్ళు తోడే డబ్బా గోదాట్లో కడిగి, గేదె పక్కన కూర్చుంది. పొదుగు మీద చల్లటి నీళ్ళు చల్లి, తడిచేత్తో చాలాసేపు నిమిరింది. కొత్త చేయి. గేదె ఒకసారి కాలు విసిరింది, డబ్బా దొర్లింది. ఆమె మళ్ళీ తెచ్చి పెట్టుకుంది.

ఒడ్డు మీద నుంచి ఇంకా కేకలు వినిపిస్తున్నాయి. సత్తియ్య చుక్కాని పట్టుకుని, బెదురుగా అటు చూశాడు.

"ఏంటంట తాయారమ్మా? జైలేనంటా?"

"కాదు. కేసు నువ్వు ఓడిపోయేవంట."

"హమ్మయ్య" అన్నాడు సత్తియ్య.

అప్పుడే గేదె పాలు చేపింది. మొదటి ధార డబ్బా అడుగున టంగుమని మోగింది.